రద్దయిన కొమ్యూన్‌లో అయిదు రోజులు

జూన్ 12, గురువారం

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో రైలెక్కితే రెండున్నర గంటల్లో కోల్డింగ్ వచ్చేసింది. రాయడం కోల్డింగ్, పలకడం ‘కోలింగ్’. ఈ దేశం వాళ్ళు రాసిన అక్షరాల్లో సగం మింగేస్తారని మా అమ్మాయి ఫిర్యాదు. అయిదేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా ఆ మింగుడు దానికి ఇంకా పట్టుబడలేదట.

వచ్చిన పని మనవరాలిని చూడటం. ఆ పని మా ఆవిడ ఒక్కతే చేయగలదు. నేను ఉద్యోగమంతా మండల పరిషత్తు ఆఫీసుల్లో చేసి రిటైరైనవాణ్ణి. సమితులు రద్దయి మండలాలు వచ్చిన రోజుల్లో జూనియర్ అసిస్టెంటుని. సమితి ఆఫీసు రికార్డులను ఎర్రగుడ్డ మూటలు కట్టి ట్రాక్టరు మీద ఒక్కో మండలానికి పంపించిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కొన్ని మూటలు ఏ మండలానివో తేలక ఏడాదిపాటు వరండాలోనే పడి ఉన్నాయి. ఆ సంగతి అల్లుడికి పెళ్ళైన కొత్తలోనే చెప్పాను, తర్వాత కూడా చాలాసార్లు చెప్పాను. అందుకే కాబోలు, కాఫీ గ్లాసు చేతికిస్తూ అన్నాడు: “మామయ్య గారూ, ఇక్కడికి పదిహేడు కిలోమీటర్లలో మీకు తగ్గ చోటు ఒకటుంది. రద్దయిపోయిన కొమ్యూన్.”

ఆ కొమ్యూన్ పేరు క్రిస్టియాన్స్‌ఫెల్డ్. 1970 ఏప్రిల్ 1న పుట్టి, 2006 డిసెంబరు 31 రాత్రితో ముగిసింది. ముప్పై ఆరేళ్ళ తొమ్మిది నెలల ఆయుర్దాయం. విస్తీర్ణం ఇంచుమించు రెండువందల చదరపు కిలోమీటర్లు, జనం పదివేల లోపు.

కొమ్యూన్ అంటే మన లెక్కలో ఇదీ అని చెప్పడం కష్టం. పంచాయతీ, మండల పరిషత్తు, మునిసిపాలిటీ మూడింటినీ ఒకే కుండలో వేసి వండితే వచ్చేదనుకోవచ్చు. బడి, పసిపిల్లల సంరక్షణ కేంద్రం, ముసలివాళ్ళ ఆలనాపాలనా, ఊరి రోడ్లు, గ్రంథాలయం, చెత్త, అన్నీ దాని నెత్తినే ఉంటాయి. అందుకు కావలసిన డబ్బులో పెద్ద వాటా తానే వేసుకునే ఆదాయపు పన్ను నుంచి వస్తుంది. నూటికి పాతిక క్రోనర్ల చుట్టూ ఉంటుంది ఆ పన్ను. ఆదాయపు పన్ను వేసే పంచాయతీ! ఈ మాట విన్నాక నాకు రాత్రి పది దాటినా నిద్ర పట్టలేదు. అసలు పదింటికి కూడా ఇక్కడ వెలుతురు తగ్గలేదు, అది వేరే సంగతి.

జూన్ 13, శుక్రవారం

పొద్దున్నే బస్సులో దక్షిణంగా బయల్దేరాం. రోడ్డుకు రెండు వైపులా బార్లీ చేలు, మధ్యలో ఎర్ర పెంకుల ఇళ్ళు, ప్రతి మలుపులోనూ ఏదో ఒక తెల్లటి చర్చి గోపురం. అరగంట లోపే క్రిస్టియాన్స్‌ఫెల్డ్.

దిగగానే ఇది మామూలుగా పెరిగిన ఊరు కాదని తెలిసిపోయింది. ముందు కాగితం మీద గీసి, ఆ గీత ప్రకారం కట్టిన ఊరు. లిండెగేడె, నోరెగేడె అని రెండు వీధులు పక్కపక్కనే సమాంతరంగా సాగుతాయి. మధ్యలో చర్చి చౌకు. ఇళ్ళన్నీ పసుపుపచ్చ ఇటుకతో కట్టినవి. ఏ ఇల్లూ పక్కింటి కంటే గొప్పగా కనపడాలని ప్రయత్నించలేదు.

1773లో దీన్ని కట్టినవాళ్ళు మొరావియన్లు. జర్మనీలోని హెర్న్‌హూట్ నుంచి విస్తరించిన క్రైస్తవ సోదర సమాజం. పనిలో నేర్పరులు, అప్పులిచ్చినా పుచ్చుకున్నా మాట తప్పనివాళ్ళు అని పేరు. డెన్మార్క్ రాజు ఏడవ క్రిస్టియన్‌కు వాళ్ళ భక్తి కంటే వాళ్ళ చేతిపనుల మీద ఆశ ఎక్కువ. 1772లో ఒక అనుమతి పత్రం రాసిచ్చాడు. ట్యూర్‌స్ట్రప్ అనే రాచ కమతం భూమిలో ఊరు కట్టుకోవచ్చు, పదేళ్ళు పన్ను లేదు, చేతివృత్తుల సంఘాల కట్టుబాట్లు వర్తించవు, మగవాళ్ళను సైన్యంలోకి లాగరు, ఆరాధన తమ పద్ధతిలోనే చేసుకోవచ్చు. ఈ షరతులు చదువుతుంటే పారిశ్రామికవాడలకు మన ప్రభుత్వాలు ఇచ్చే రాయితీల జీఓ చదివినట్టే ఉంది. కృతజ్ఞతగా ఊరికి రాజు పేరే పెట్టారు. క్రిస్టియాన్స్‌ఫెల్డ్ అంటే క్రిస్టియన్ పొలం.

ఆ రోజుల్లో ఊరి పాలనంతా సమాజం చేతిలోనే. పెద్దల మండలి ఒకటి, డబ్బు వ్యవహారాలకు వేరే కమిటీ ఒకటి. మనుషులను కుటుంబాల వారీగా కాక స్థితిని బట్టి బృందాలుగా విడదీశారు. పెళ్ళికాని సోదరులకు ఒక పెద్ద ఇల్లు, పెళ్ళికాని సోదరీమణులకు ఒకటి, వితంతువులకు ఒకటి. సోదరీమణుల ఇల్లు 1776 నాటిది. తేలని విషయాలకు చీటీలు వేసేవారు. ఎవరిని ఎవరు పెళ్ళాడాలన్నది కూడా ఒకప్పుడు చీటీతోనే తేల్చేవారట. “మన జాతకాల కంటే నయమే, పంతులుకు దక్షిణ మిగిలింది” అంది మా ఆవిడ.

వాళ్ళ చర్చిని ‘సాల్’ అంటారు. హాలు అని అర్థం, నిజంగా హాలే. దాదాపు వెయ్యిమంది పట్టే గదిలో మధ్యన ఒక్క స్తంభం లేదు. గోడలు తెలుపు, బల్లలు తెలుపు, కింద చెక్కనేల మీద తెల్లటి ఇసుక చల్లి ఉంది. బలిపీఠం లేదు, బొమ్మలు లేవు. బయట ఎండలో నుంచి లోపలికి వస్తే కాసేపు కళ్ళు మసకబారాయి. మా ఆవిడ అలవాటుగా చెప్పులు విప్పబోయింది. అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆపింది.

ఊరి చివర సమాధుల తోట. దేవుడి పొలం అంటారు దాన్ని. లిండెన్ చెట్ల వరసల కింద ఒకే కొలత పలకలు, నేలకు ఆన్చి పెట్టినవి. ఒక వైపు మగవాళ్ళు, ఒక వైపు ఆడవాళ్ళు. భార్యాభర్తలను పక్కపక్కన పెట్టరు, పోయిన వరసలోనే పెడతారు. పెద్దల మండలి సభ్యుడి పక్కన చెప్పులు కుట్టేవాడు ఉండవచ్చు. పాత పలకల మీద రాత జర్మన్‌లో ఉంది. మన ఊళ్ళ శ్మశానాల్లో ఎవరిది ఎక్కడో అందరికీ తెలుసు కాబట్టి నేనేమీ మాట్లాడకుండా ఆ వరసల మధ్య చాలాసేపు తిరిగాను.

ఇక్కడ మనకూ ఒక బంధుత్వం ఉంది. ఈ సోదర సమాజం వాళ్ళు 1760లోనే తమిళ తీరంలో డెన్మార్క్ వాళ్ళ స్థావరమైన తరంగంబాడికి వచ్చారు. అక్కడి నుంచి నికోబార్ దీవులకు వెళ్ళి జ్వరాలకు రాలిపోయారు. చివరికి ఉన్న కొద్దిమందీ వెనక్కి మళ్ళారు. తెలుగుకు వ్యాకరణం రాసి, తర్వాత జర్మనీలోని హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన బెంజమిన్ షుల్జ్ కూడా ముందు దిగింది తరంగంబాడిలోనే, 1719లో. ఆయన వేరే మిషన్ మనిషి, కానీ వచ్చింది ఇదే రాజ్యం అండతో. మరో కొసమెరుపు: 2015లో ఈ ఊరు యునెస్కో జాబితాకెక్కింది. 2024లో హెర్న్‌హూట్, ఉత్తర ఐర్లండ్‌లోని గ్రేస్‌హిల్, అమెరికాలోని బెత్లెహెమ్‌లను దీనితో కలిపి ఒకే వారసత్వంగా గుర్తించారు. ఆ నిర్ణయం జరిగిన సమావేశం మన ఢిల్లీలోనే.

సాయంత్రం తేనె కేకు కొన్నాం. పద్దెనిమిదో శతాబ్దం నుంచి ఈ ఊరికి పేరు తెచ్చిన సరుకు అదే. మా ఆవిడ ఒక ముక్క నమిలి, “మిరియం వేస్తే ఇంకా బాగుండేది” అని తేల్చింది.

ఇంతా చూశాక గుర్తొచ్చింది, నేను వెతకడానికి వచ్చింది ఇది కాదని. మొరావియన్ల ఊరిని ప్రపంచమంతా వచ్చి చూస్తోంది. కొమ్యూన్ మాత్రం ఎక్కడా కనపడలేదు. ఒక్క బోర్డు లేదు.

జూన్ 14, శనివారం

వాన. బయటికి వెళ్ళలేదు. అల్లుడు వెతికి పాత కొమ్యూన్ పటం ప్రింటు తీసిచ్చాడు. భోజనాల బల్ల మీద పరిచి కూర్చున్నాం.

పటం నిండా ‘సోన్’లే. సోన్ అంటే ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్ళ గుంపు, మన క్రైస్తవులు పారిష్ అంటారు. టాప్స్, హైల్స్, వైస్ట్రప్, స్టెపింగ్, ఫ్రోరప్, ఆలర్, ట్యూర్‌స్ట్రప్, ఫ్యెల్‌స్ట్రప్, బ్యెర్నింగ్, యెర్న్‌డ్రప్. పాలనకు కూడా ఇదే మూలకణం. డెన్మార్క్ రాజ్యంలో 1841 నుంచి పల్లెల్లో స్థానిక సభలు ఈ సోన్ వారీగానే ఏర్పడ్డాయి. మొదట్లో పాస్టరు గారు హోదాను బట్టి సభ్యుడు. 1867 చట్టం తర్వాత ఆ హోదా పోయింది. ఊరి రైతులే కూర్చుని బడికి సున్నం, రోడ్డుకు కంకర, పేదలకు గోధుమల్లాంటి రై గింజలు ఎంతివ్వాలో తేల్చుకునేవారు. ఒకటీ అరా గుమాస్తా తప్ప వేరే యంత్రాంగం ఉండేది కాదు.

1970లో ఆ చిన్న సభలను కలిపేశారు. దేశంలో వెయ్యికి పైగా ఉన్న స్థానిక సంస్థలు 277 అయ్యాయి. క్రిస్టియాన్స్‌ఫెల్డ్ కొమ్యూన్ ఆ కాన్పులో పుట్టిన బిడ్డ. అప్పటిదాకా పల్లెల్లో సభాధ్యక్షుడు అనిపించుకున్నవాడు మేయరు అయ్యాడు. తర్వాత 2004లో మళ్ళీ కత్తి పైకి లేచింది. పెద్ద బాధ్యతలు మోయడం చిన్న కొమ్యూన్ల వల్ల కాదని ప్రభుత్వం వాదన. కనీసం ఇరవైవేల జనం ఉండాలి, లేదా పొరుగువారితో పొత్తుకు ఒప్పుకోవాలి. 271 కొమ్యూన్లు 98 అయ్యాయి. జిల్లాల్లాంటి ‘అమ్ట్’లను ఎత్తేసి వాటి స్థానంలో అయిదు ప్రాంతాలు పెట్టారు.

పదివేల లోపు జనం ఉన్న క్రిస్టియాన్స్‌ఫెల్డ్‌కు నిలిచే దారి లేదు. ఎక్కువ భాగం ఉత్తరాన కోల్డింగ్‌లో కలిసింది. దక్షిణ కొసన ఉన్న బ్యెర్నింగ్, యెర్న్‌డ్రప్, ఫ్యెల్‌స్ట్రప్ హాదర్స్‌లెవ్‌కు వెళ్ళాయి.

కలిపిన తీరు నాకు నచ్చింది. 2005 నవంబరులోనే కొత్త కొమ్యూన్లకు ఎన్నికలు పెట్టారు. 2006 ఏడాదంతా పాత సభ రోజువారీ పని చూస్తుంటే, కొత్తగా ఎన్నికైనవాళ్ళు విలీన కమిటీగా కూర్చుని సిబ్బందిని, బడ్జెట్టును, బడులను సర్దుకున్నారు. ఒకే ఇంట్లో అత్తా కోడలూ ఏడాదిపాటు రెండు పొయ్యిలు పెట్టుకున్నట్టు. మాకు ఆ ఏడాది దొరికి ఉంటే వరండాలో మూటలు మిగిలేవి కావు.

జూన్ 15, ఆదివారం

బయటికి వస్తే ఊరంతా ఎర్రజెండాలు, వాటి మీద తెల్లటి శిలువ. ఏమిటంటే వాల్డెమార్ రోజు అన్నారు. 1219లో ఈ జెండా ఆకాశం నుంచి రాలిపడిందని కథ. దక్షిణ యూట్‌లాండ్ డెన్మార్క్‌లో తిరిగి కలిసిన రోజుగా కూడా జూన్ 15ను జరుపుకుంటారు. నేను చూడబోతున్నది ఆ కలయిక జరిగిన చోటే.

సెలవు రోజు బస్సు వేళల గడి ఒకటి వేరేగా ఉంటుందని తెలియక మామూలు గడి చూసి బయల్దేరాం. గంటా నలభై నిమిషాలు స్టాపులో కూర్చున్నాం. తప్పు నాదే అయినా చాలాసేపు బస్సునే తిట్టుకున్నాను.

ఫ్రెడెరిక్స్‌హోయ్ కోల్డింగ్ నుంచి క్రిస్టియాన్స్‌ఫెల్డ్ వెళ్ళే రోడ్డు మీదే ఉంది. శుక్రవారం దాని ముందు నుంచే వెళ్ళాం, గమనించలేదు. పాత సరిహద్దు సత్రం, దాని దగ్గర చిన్న మ్యూజియం, ఒక స్మారక శిల. 1864 నుంచి 1920 దాకా డెన్మార్క్ ఇక్కడ ముగిసేది. ఈ రోడ్డుకు అవతల ప్రష్యా, తర్వాత జర్మనీ.

1864లో ప్రష్యా, ఆస్ట్రియాలతో యుద్ధంలో డెన్మార్క్ ఓడిపోయి ష్లెస్‌విగ్, హోల్‌స్టైన్, లావెన్‌బర్గ్ డచీలను, అంటే డెన్మార్క్ రాజే డ్యూక్‌గా ఏలే ప్రాంతాలను, వదులుకుంది. కానీ ష్లెస్‌విగ్ పడమటి అంచున నేరుగా డెన్మార్క్ రాజ్యానికి చెందిన ముక్కలు కొన్ని ఉండేవి. సంధిలో వాటిని వదులుకుని బదులుగా ఏరో దీవిని, రీబె చుట్టుపక్కల నేలను, కోల్డింగ్‌కు దక్షిణాన ఎనిమిది సోన్‌లను తీసుకున్నారు. ఆ ఎనిమిదిలో టాప్స్, హైల్స్, వైస్ట్రప్ ఉన్నాయి. పక్కనే ఉన్న ట్యూర్‌స్ట్రప్, క్రిస్టియాన్స్‌ఫెల్డ్ లేవు.

నిన్నటి పటం తీసి మళ్ళీ చూశాను. అప్పుడు వెలిగింది. 1970లో కట్టిన కొమ్యూన్ ఈ పాత సరిహద్దుకు రెండు వైపులా కాళ్ళు చాపి కూర్చుంది! యాభై ఆరేళ్ళు వేరువేరు దేశాల్లో ఉన్న సోన్‌లను ఒకే మేయరు కిందికి తెచ్చారు. అంతవరకు వైలె జిల్లాలో ఉన్న టాప్స్, హైల్స్, వైస్ట్రప్ ఆ దెబ్బతో దక్షిణ యూట్‌లాండ్ జిల్లాలోకి వచ్చాయి.

ఆ యాభై ఆరేళ్ళు పటం మీద గీతలుగా మాత్రమే మిగల్లేదు. 1909లో డెన్మార్క్‌లో మొదటిసారి ఆడవాళ్ళు స్థానిక ఎన్నికల్లో ఓటు వేశారు. పాతికేళ్ళు నిండి, తానో భర్తో పన్ను కడుతుంటే చాలు. అంటే హైల్స్‌లో ఒక రైతు భార్య ఆ మార్చి నెలలో ఓటేసింది. సరిహద్దుకు అవతల ట్యూర్‌స్ట్రప్‌లో అటువంటి రైతు భార్యే, అదే డేనిష్ మాట్లాడేది, మొదటి ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆగాల్సి వచ్చింది. ఆ యుద్ధంలో అవతలి ఊళ్ళ కుర్రాళ్ళు తమది కాని జర్మనీ కోసం వేలమంది చనిపోయారు. ఇవతలి ఊళ్ళు తటస్థ దేశంలో ఉన్నాయి.

1920 ఫిబ్రవరి 10న ఉత్తర ష్లెస్‌విగ్‌లో, అంటే ఇప్పటి దక్షిణ యూట్‌లాండ్‌లో, ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. నూటికి దాదాపు డెబ్బై అయిదుగురు డెన్మార్క్ అన్నారు. జూలై 10న పదవ క్రిస్టియన్ రాజు తెల్లగుర్రం మీద సరిగ్గా ఇక్కడే పాత సరిహద్దు దాటాడు. దారిలో ఒక చిన్నపిల్లను ఎత్తి గుర్రం మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆ దృశ్యం ఈ దేశంలో ప్రతి బడిపిల్లకూ తెలుసు. మ్యూజియంలో ఒక పెద్దాయన ఆ సంగతి చెబుతూ తానే ఆ గుర్రాన్ని పట్టుకున్నట్టు చెయ్యి ముందుకు చాపాడు.

ఆయన్నే అడిగాను, అమ్మాయి అనువదించింది: “పాత కొమ్యూన్ ఉన్నప్పుడు బాగుండేదా, ఇప్పుడు బాగుందా?” ఆయన కాసేపు ఆలోచించి, అప్పట్లో కొమ్యూన్ ఆఫీసుకు వెళ్తే కిటికీ వెనక ఉన్న మనిషి తన పేరు పెట్టి పలకరించేవాడని, ఇప్పుడు ముందు ఫోనులో తన నంబరు నొక్కాలని అన్నాడు. తర్వాత తానే, “అయితే ఆ మనిషికి నేను నచ్చకపోతే నా పని అయ్యేది కాదు” అని కలిపాడు. ముప్పై ఏళ్ళు కిటికీ వెనక కూర్చున్నవాణ్ణి, ఆ రెండో మాటకు నేను తలొంచుకున్నాను.

సాయంత్రం కారులో అల్లుడు వచ్చి హైల్స్‌మిన్నె తీసుకువెళ్ళాడు. ఆ పాత సరిహద్దు ఈ తీరం దగ్గరే లిల్లెబెల్ట్ జలసంధిలోకి దిగేదట. ఇప్పుడు పిల్లలు పీతలు పడుతున్నారు. మనవరాలు రెండు పట్టి, రెండూ వదిలేసింది.

జూన్ 16, సోమవారం

అమ్మాయి సెలవు పెట్టింది. పొద్దున స్కామ్లింగ్స్‌బాంకెన్ గుట్ట. ఎత్తు 113 మీటర్లు. మన సింహాచలం చూసిన కళ్ళకు ఇది దిబ్బే, కానీ బల్లపరుపు దేశంలో దీని మీద నుంచి సముద్రం, దీవులు, పొలాలు చాలా దూరం కనపడతాయి. 1843 నుంచి డేనిష్ భాష కోసం ఇక్కడ వేలమంది పోగై సభలు పెట్టారు. ష్లెస్‌విగ్ శాసనసభలో, ఆఫీసుల్లో జర్మన్‌దే రాజ్యం. ప్రజల భాషకు చోటు కావాలని వాళ్ళ గొడవ. 1844 సభకు డేనిష్ కవి, పాస్టరు గ్రుండ్‌విగ్ కూడా వచ్చి మాట్లాడాడు. భాష కోసం గుట్టెక్కిన జనం అంటే తెలుగువాడికి వేరే వివరణ అక్కర్లేదు. 1863లో నిలిపిన రాతిస్తంభాన్ని మరుసటి ఏడాదే ప్రష్యన్ సైనికులు పేల్చేశారు. విరిగిన రాళ్ళను ఏరుకొచ్చి 1866లో మళ్ళీ నిలబెట్టారు. పగుళ్ళు అలాగే ఉంచారు. వేలు పెట్టి చూశాను, గోరు లోపలికి దిగింది.

మధ్యాహ్నం దక్షిణంగా యెర్న్‌డ్రప్, ఫ్యెల్‌స్ట్రప్. ఇవి హాదర్స్‌లెవ్‌కు వెళ్ళిన ఊళ్ళు. కొమ్యూన్ల సరిహద్దు ఏ చేను దగ్గర మారిందో నాకు తెలియలేదు, కారు నడిపిన అమ్మాయికీ తెలియలేదు. ఫ్యెల్‌స్ట్రప్ చర్చి తలుపు పక్కన గాజుపెట్టెలో ప్రార్థన వేళలు, సోన్ మండలి సభ్యుల పట్టిక ఉన్నాయి. ఆ మండలికి ఎన్నికలు ఇప్పటికీ జరుగుతాయి. దేశంలో ఇలాంటి సోన్‌లు రెండువేలకు పైగా ఉన్నాయట. ప్రష్యా వచ్చినా, రాజు గుర్రం మీద తిరిగొచ్చినా, 1970లో కలిపినా, 2007లో విడదీసినా కదిలించింది ఈ సోన్‌లను ముక్క చెయ్యకుండానే. ఇటుకలు అవే, గోడ మాత్రం మారుతూ వచ్చింది. నేను వెతికిన కొమ్యూన్ ఆ గోడల్లో ఒకటి.

తిరిగి వస్తుంటే అమ్మాయి చెప్పింది. నవంబరు 18న కొమ్యూన్ ఎన్నికలు. పౌరసత్వం లేకపోయినా కొన్నేళ్ళుగా నివాసం ఉంటున్నవాళ్ళకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంది, ఈసారి దానికీ వచ్చింది. కోల్డింగ్ సభలో 25 మంది. మేయరును ఆ సభ్యులే తమలోంచి ఎన్నుకుంటారు.

“ఎవరికి వెయ్యాలో ఎలా తేల్చుకోవాలి నాన్నా? నువ్వు ఇన్నేళ్ళు ఇదే పనిలో ఉన్నావు కదా.”

“ఓటు అడగడానికి ఎవరైనా వస్తే, సెలవు రోజున ఈ పల్లెలకు బస్సులు ఎన్నో అడుగు” అన్నాను. “గడి చూడకుండా చెప్పినవాడికి వెయ్యి.”

వెనక సీటులో మా ఆవిడ మిగిలిన తేనె కేకు మనవరాలికి పెడుతోంది. ఇంటి నుంచి తెచ్చుకున్న మిరియాల పొడి కొంచెం చల్లి.